ఆఖరి ర్యాంకు పాట

సఖినేటిపల్లి రేవులో గోదారి దాటించే పంటు ఎక్కగానే, రోజూ నాతో వచ్చే టీచరుగారు ఒక ఇయర్‌ఫోను నా చేతికిచ్చేవారు. నరసాపురం చేరేలోగా తనకిష్టమైన కొరియా కుర్రాళ్ల బ్యాండు పాటలకు ర్యాంకులు వేసేవారు. నిన్నటి మొదటి పాట ఇవాళ మూడోదయ్యేది. నేను ఒప్పుకోకపోతే అవతలి రేవులో దిగాక కూడా వాదించేవారు.

ఆఖరి ర్యాంకు మాత్రం ఎప్పుడూ ఒకే పాటకు. అది వచ్చేసరికి నా ఇయర్‌ఫోను తీసేసుకుని, రెండూ తనే పెట్టుకుని, నీళ్లకేసి చూస్తూ పూర్తిగా వినేవారు.

నచ్చని పాటను అంత శ్రద్ధగా వినడమేమిటని ఒకరోజు అడిగేశాను.

"నచ్చలేదని ఎవరన్నారండీ?" అన్నారావిడ. "మొదట పెట్టేననుకోండి, మీరు దానిమీదా వాదనకొస్తారు. ఆఖరిదాని జోలికి ఎవరూ రారు కదండీ."