బల్ల మీద హెబెర్తో ఫొటో

నెల్మారిస్ మా ఇంటికి నడిచి రాలేదు, మొగుడు ఎత్తుకొచ్చాడు. పల్లపు ఊళ్ళవాళ్ళని మబ్బులంత ఎత్తున ఉన్న మా లా పాస్‌లో బస్సు దిగగానే పట్టుకునే, గాలి చాలని జబ్బే ఆమెనూ పట్టుకుంది. తలపోటు, వాంతులు, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. మా ఇల్లేమో కొండవాలు మీద, మెట్ల వరస చివర. ఆ పొడుగుమనిషి హెబెర్తో ఆమెను మోసుకుంటూ అన్ని మెట్లూ ఎక్కి, మా గుమ్మానికి ఠపీమని నుదురు కొట్టుకుని, "గది అద్దెకిస్తారా అమ్మా?" అని నవ్వాడు. నుదుటి మీద రక్తం కారుతుంటే నవ్వే మనిషిని నేను అంతవరకు చూడలేదు. కాదనలేకపోయాను.

ఇద్దరిదీ వెనిజులాలోని మరకైబో. ఎండకి తారు కరిగే ఊరట. ఇక్కడ ఉండాలని రాలేదు వాళ్ళు, చిలీ పోవాలని వచ్చారు. అక్కడ హెబెర్తో అన్న మేస్త్రీ పని చేస్తున్నాడు. ఆమె మంచం దిగలేకపోతుంటే, ముందు తను వెళ్ళి పని చూసుకుంటానని ఫిబ్రవరిలో బయలుదేరాడు. "వారంలో కబురు చేస్తా పిన్నీ, అంతదాకా దీన్ని కాస్త కనిపెట్టుకుని ఉండు" అన్నాడు. సరిహద్దు ఊరి నుంచి ఆమె ఫోనుకి ఒక్క మాట పంపాడు: "ఈ రాత్రికి నడిచి దాటేస్తాం. ఇక్కడి చలి నీ తిట్లకంటే నయమే." ఆ తర్వాత ఇంకేమీ రాలేదు.

కోలుకున్నాక నెల్మారిస్‌కి నోరు వచ్చింది. మా ఊళ్ళో ఎవరూ గొంతు పెంచరు, అడిగినదానికే సగం జవాబు చెబుతారు. ఈవిడ కొండలెక్కే తీగబండి స్టేషన్ దగ్గర కాఫీ అమ్ముతూ మినీబస్సు డ్రైవర్‌నీ, ఉల్లిపాయల ముసలమ్మనీ, ఆఖరికి పోలీసునీ కూడా బంగారం అని పిలిచేది.

"ఏమే, ఆ డ్రైవర్ నీకేమవుతాడని బంగారం అంటున్నావు?"

"మా ఊళ్ళో అందర్నీ అలాగే అంటాం పిన్నీ."

"ఇక్కడ అలా అంటే వాడు రేపు పెళ్ళి మాటలకి వాళ్ళమ్మని వెంటబెట్టుకొస్తాడు, చూసుకో."

పడీపడీ నవ్వేది. కానీ ఒక్క విషయంలో మొండిఘటం. ఉన్న బట్టలన్నీ ఒకదానిమీద ఒకటి తొడుక్కుని పల్చటి దుప్పట్లో వణుకుతుండేది తప్ప, ఉన్ని దుప్పటి కొనుక్కోమంటే వినేది కాదు. "ఇవాళో రేపో పోయేదాన్ని, అంత బరువు ఎవరు మోస్తారు పిన్నీ?" మంచులో గడ్డకట్టించి ఎండబెట్టిన మా నల్ల బంగాళాదుంపలు వడ్డిస్తే, "ఈ రాళ్ళు మీరే తినండి" అని పక్కకు నెట్టేది. ఈ ఊరికి అలవాటు పడటమంటే వాడు ఇక రాడని ఒప్పుకోవడమే ఆమె లెక్కలో.

నవంబరు వచ్చింది. మా దగ్గర ఒకటో తారీకు మధ్యాహ్నం పోయినవాళ్ళు ఇంటికొస్తారు, మర్నాడు మధ్యాహ్నం వెళ్ళిపోతారు. కొత్తగా పోయినవాళ్ళకి మూడేళ్ళపాటు బల్ల పెట్టాలి. మా ఆయన బోనిఫాసియోకి అది రెండో ఏడు. నల్లగుడ్డ పరిచి, అటూ ఇటూ చెరకు గడలు నిలబెట్టి, ఆయనకిష్టమైన వేరుశనగ చారు, సారా, ఎక్కి పోవడానికి రొట్టెతో చేసిన నిచ్చెనలు, మధ్యలో ఆయన ఫొటో పెట్టాను. పిండి పిసకడానికి నెల్మారిస్ సాయం వచ్చింది.

"మీ ఆయన మనల్ని చూస్తాడా పిన్నీ?"

"చూడకపోతే ఈ చాకిరీ అంతా ఎందుకే?"

"అడిగితే సాయం చేస్తాడా?"

"బతికుండగా చేసి చావలేదు. ఇప్పుడన్నా చేస్తాడేమో అడుగు."

పొద్దున్నే వీధి పొయ్యి దగ్గర ఆఖరి రొట్టెలు దించుకుని వచ్చేసరికి, బోనిఫాసియో ఫొటో పక్కన హెబెర్తో ఫొటో ఉంది. కబురు తెలిసిందన్నమాట, నోటితో చెప్పలేక ఇలా చెప్పింది అనుకున్నాను. మాలో ఒకరి దుఃఖాన్ని తవ్వి అడగరు. ఆమె తల నిమిరి, ఒక చిన్న రొట్టె నిచ్చెన తెచ్చి అతని ముందు కూడా పెట్టాను. ఆమె నా రెండు చేతులూ పట్టుకుని, "నీ మేలు మర్చిపోను పిన్నీ" అంది. మొహం వెలిగిపోతోంది. వీళ్ళ ఏడుపు కూడా వేరే తీరు కాబోలు అనుకుని ఊరుకున్నాను.

నా తప్పని ఎవరైనా అంటే మాత్రం ఊరుకోను. మరకైబోలో బతికున్నవాళ్ళ ఫొటోలు అమ్మవారి దగ్గర పెట్టి చల్లగా చూడమని మొక్కుతారని నాకెవరు చెప్పారు? మా బల్ల ఎక్కిన ఫొటో పోయినవాళ్ళదేనని ఆమెకెవరు చెప్పారు?

మధ్యాహ్నానికి ఇల్లు నిండింది. ప్రార్థనలు చదివే జెనోబియో టోపీ తీసి, "ఎవరెవరి పేరున?" అని అడిగాడు. నా ఆడపడుచు ఫోర్తునాతా కొత్త ఫొటో వెనక్కి తిప్పి పేరు చదివింది. జెనోబియో కళ్ళు మూసుకుని ఎత్తుకున్నాడు.

"బోనిఫాసియో ఆత్మకు శాంతి. హెబెర్తో ఆత్మకు శాంతి. దారిలో వెలుగు..."

వెనకాల గ్లాసులు పగిలాయి. నెల్మారిస్ కాఫీలు పట్టుకొచ్చి గుమ్మంలో నిలబడి ఉంది.

"బతికున్నాడు! నా మొగుడు బతికున్నాడు! మీ అందరికీ ఏం ద్రోహం చేశాడని చంపేస్తున్నారు?" జనాన్ని తోసుకుంటూ వచ్చి ఫొటో లాక్కుంది. కొవ్వొత్తి పడి నల్లగుడ్డ కాలింది. "ఫో! అందరూ ఫొండి ఇక్కణ్ణించి!" ఎదురు కొండ మీదివాళ్ళు కూడా కిటికీలు తెరిచి చూశారు.

గదిలోకి పోయి తలుపేసుకుంది. రెండు రోజులు అన్నం గుమ్మం ముందు పెట్టి వచ్చాను.

తర్వాతి ఏడు చలికాలంలో, అంటే మాకు జూన్‌లో, చిలీ నుంచి తిప్పి పంపేసిన వాళ్ళలో ఒకతను, హెబెర్తో గుంపులో నడిచినవాడు, కాఫీ తాగడానికి ఆమె దగ్గరే ఆగాడట. ఒక పొడుగుమనిషి దారిలో కాసేపు కూర్చుంటానని, మీరు నడుస్తూ ఉండండి వెనకాలే వస్తానని అన్నాడట. మళ్ళీ కనపడలేదట. ఆమె ఫొటో చూపించింది. అతను అవునని అనలేదు, కాదనీ అనలేదు. కాఫీ అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడట. ఇదంతా నాకు చెబుతున్నప్పుడు ఆమె ఏడవలేదు, నేనే ఏడ్చాను.

ఆ వారమే ఉన్ని దుప్పటి కొని తెచ్చుకుంది. తర్వాత ఓరోజు నా కంచంలోంచి నల్ల దుంప ఒకటి తీసుకుని నమిలి మింగింది. బజార్లో గొంతు తగ్గింది. అందరూ, "మీ అద్దెపిల్ల మన ఊరికి బాగా అలవాటు పడింది" అని మెచ్చుకుంటుంటే నాకు వాళ్ళ నోళ్ళు మూయించాలనిపించేది.

మళ్ళీ అక్టోబరు చివర పిండి కలుపుతుంటే వచ్చి నా ఎదుట కూర్చుంది.

"బల్ల మూడేళ్ళు పెట్టాలి కదా పిన్నీ?"

"మూడేళ్ళే."

"ఎప్పట్నుంచి లెక్క? ఏ రోజు పోయాడో నాకు తెలీదుగా."

"పోయినేడు ఒకసారి పెట్టాంగా. ఇది రెండోది అనుకో." ఓదార్పుగా ఉంటుందని అన్నాను.

పిండిలో ఆమె చేతులు ఆగిపోయాయి. "అయితే పోయినేడు వచ్చాడా? అంత దూరం నడిచి గుమ్మం దాకా వస్తే, ఫో అన్నానా నేను?"

"ఓసి పిచ్చిదానా, బోనిఫాసియోని ముప్ఫై ఏళ్ళు తిట్టాను. పిలిస్తే రావడం లేదూ?" అన్నాను. ఆమె నవ్వలేదు. నా మాట నాకే అతకలేదు.

ఒకటో తారీకున జెనోబియో వచ్చి బల్ల ముందు నిలబడ్డాడు. రెండు ఫొటోలూ చూశాడు కానీ పాత సంగతి ఎత్తలేదు. ఎప్పటిలాగే, "ఎవరెవరి పేరున?" అన్నాడు. బోనిఫాసియో పేరు నేను చెప్పాను. రెండో పేరు కూడా నేనే చెప్పబోతుంటే నెల్మారిస్ నా చెయ్యి పట్టుకుని ఆపింది. తలవంచుకుని పెదాలు కదిపింది.

"వినపడలేదు తల్లీ, మళ్ళీ చెప్పు" అన్నాడు జెనోబియో.

మళ్ళీ చెప్పింది.