గ్లెన్నిబా పెద్దమ్మ ఫోటో

మా ఇరుకు లోయకు వచ్చేవాళ్ళందరిదీ ఒకటే పిచ్చి. లోపల అడుగు పెట్టగానే తలెత్తి ఆకాశాన్ని తీస్తారు. ఫోటోలో ఆకాశం సున్నంలా తేలిపోతుంది, గోడలు మసిబారిపోతాయి. అప్పుడు లెనోరా అక్క వాళ్ళ ఫోన్లు లాక్కుని, "మీ ఊళ్ళో ఆకాశం లేదా? గోడని చూడండి!" అని కసురుతుంది. ఎండ ఒక గోడ మీద పడి, అక్కణ్ణుంచి ఎదుటి గోడకు పాకుతుంది. ఆ పాకిన వెలుగులోనే రాయి ఎర్రగా రాజుకుంటుంది. అది ఏ నెలలో ఏ మలుపు దగ్గర ఎన్ని నిమిషాలుంటుందో అక్కకు నోటికొచ్చు. ఇరవై రెండేళ్ళుగా వచ్చినవాళ్ళకు లోయ చూపించి ఫోటోలు తీసిపెట్టడమే తన పని. పక్కనున్న పేజ్ ఊరి నుంచి ఇసుకలో జనాన్ని ట్రక్కులో మోసుకొచ్చేది నేను. అక్క మా పెద్దమ్మ కూతురు.

ఇంతమందిని తీసిన మనిషి దగ్గర కన్నతల్లి ఫోటో ఒక్కటీ లేదంటే నమ్ముతారా? గ్లెన్నిబా పెద్దమ్మ ఒప్పుకోదు. చిన్నప్పుడు ఆ లోయ దగ్గరే గొర్రెలు కాస్తుంటే, ఎవడో దారినపోయేవాడు ఆమెను తీసి, పోస్టుకార్డుగా అచ్చేసి అమ్ముకున్నాడు. కింద పేరైనా వెయ్యలేదు. అప్పట్నుంచి కెమెరా కనిపిస్తే చాలు, శాలువా మొహం మీదికి లాక్కుంటుంది. ఇప్పుడామెకు ఎనభై ఆరు. మొన్న చలికాలంలో ఊపిరాడక రెండుసార్లు ఆస్పత్రిలో పడింది. అక్కకు గుండెల్లో రాయి పడింది.

జూన్‌లో ఓ పొద్దున పెద్దమ్మే, "నన్నోసారి లోయలోకి తీసుకెళ్ళండే," అంది. అక్క ఆనందం పట్టలేక కెమెరా, స్టాండు ముందే ట్రక్కులో పెట్టేసింది.

లోయ మొదట్లో పెద్దమ్మ ఆగింది. "వస్తున్నాం. ఈసారి గొర్రెల్లేవులే," అని లోయతో మెల్లగా చెప్పింది. మూడో మలుపు దగ్గర ఒక రాతి అరుగు మీద కూర్చుంది. ఎదుటి గోడ అప్పుడే రాజుకుంటోంది. అక్క కెమెరాకు కన్ను ఆనించి, "అమ్మా, తియ్యనా?" అంది.

శాలువా మొహం మీదికి వచ్చేసింది.

నాకు ఒళ్ళు మండింది. "ఏం మొండితనం పెద్దమ్మా! అడుగుతోందిగా!"

"అడగడమా? దాన్ని కంటికి పెట్టుకునా? వాడూ అలాగే వచ్చాడు," అంది శాలువాలోంచి.

అక్క కెమెరాను స్టాండు మీంచి విప్పి సంచిలో పెట్టేసింది. వచ్చి తల్లి ఎదుట ఇసుకలో కూలబడింది.

"అమ్మా, నీ ఫోటో ఒకటి కావాలి."

"ఎందుకే?"

మావాళ్ళు చావు మాట నోటితో అనరు. అంటే పిలిచినట్టే. అక్క కళ్ళ నిండా నీళ్ళు. "కావాలమ్మా. అంతే."

పెద్దమ్మ మాట్లాడలేదు. పెద్దవాళ్ళు జవాబు ఆలోచించుకుంటుంటే మేం తొందరపెట్టం. కానీ ఆ మలుపులో వెలుగుండేది పదకొండు నిమిషాలే! ఎరుపు ఊదా అయింది, ఊదా బూడిదైంది. నేను పళ్ళు కొరుక్కుంటూ చూస్తున్నాను. అక్క మాత్రం ఒక్కసారి కూడా గోడవైపు తిరగలేదు.

"సరే, తియ్యి," అంది పెద్దమ్మ శాలువా భుజాల మీదికి దించి.

"ఇప్పుడా! వెలుగంతా పోయాకా!" అని నెత్తి కొట్టుకున్నాను.

"నోర్ముయ్యవే! చీకట్లో తియ్యడం నాకు రాదనుకున్నావా?" అంటూనే అక్క స్టాండు బిగించింది. "అమ్మా, ఈ చీకటికి పది సెకన్లు పడుతుంది. ఊపిరి తీసుకో గానీ తల కదపకు."

ఆ రొప్పే గుండెతోనే పెద్దమ్మ రాయిలా కూర్చుంది. నేనే ఊపిరి బిగబట్టాను.

బొమ్మ నలకలు నలకలుగా వచ్చింది. గోడ నల్లబడింది. మొహం మాత్రం ముడతలతో సహా కనిపిస్తోంది. పెద్దమ్మ ఆ చిన్న తెరలోకి వంగి వంగి చూసింది.

"ఇంత చీకట్లో ఎలా దొరికానే నీకు?"

"నువ్వు కదల్లేదుగా," అంది అక్క ముక్కు తుడుచుకుంటూ. ఇంకోటి తియ్యాలని ఆత్రంగా కెమెరా మీదికి వంగబోయి ఆగిపోయింది. వెనక్కి వచ్చి మళ్ళీ ఇసుకలో కూర్చుంది.

"అమ్మా, ఇంకొకటి?"

ఈసారి పెద్దమ్మ ఆలస్యం చెయ్యలేదు.