తప్పు మాది కాదన్న నర్సమ్మ

మా నర్సమ్మ ఇక లేదు. మొన్న జనగామలో తన సొంతింట్లో నిద్రలోనే పోయిందని నా పెద్ద బిడ్డ ఫోన్ చేసి చెప్పింది. చెబుతూ ఏడ్చింది. ఆమె చేతుల్లో బతికిన పిల్ల, ఏడవదా మరి. ఆ రోజంతా నాకు ఏ పనీ తోచలేదు.

అరవై తొమ్మిదిలో, తెలంగాణ ఉద్యమం నడుస్తున్న ఎండాకాలంలో, బయ్యారం దగ్గర మా అత్తగారి ఊళ్లో నాకు తొలి కాన్పయింది. ఆడపిల్ల. పై పెదవి ముక్కు దాకా చీలి ఉంది, లోపల అంగిలి కూడా. గ్రహణం మొర్రి అన్నారు. గ్రహణం నాడు నేను కత్తిపీట ముందు కూర్చున్నానని మా అత్తమ్మ వాకిట్లో నిలబడి అందరికీ చెప్పింది. కూర్చున్నానో లేదో నాకే గుర్తులేదు. అయినా నమ్మాను. పిల్ల ముఖం మీద కొంగు కప్పి, గోడవైపు తిరిగి పడుకున్నాను. రొమ్ము పట్టలేక పిల్ల ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లేది.

మూడో రోజు బయ్యారం సర్కారు దవాఖాన నర్సమ్మ వచ్చింది. ఉద్యమం బందులతో బస్సుల్లేక అక్కడి నుంచి ఎండలో నడిచే వచ్చింది. ఏ ఇంట్లో పసిబిడ్డను చూసినా ఆమెకొక పద్ధతి. బట్టలన్నీ తీసేసి వేళ్లు లెక్కపెట్టేది. నోట్లో చిటికెన వేలు పెట్టి అంగిలి తడిమేది. పాదాలు తిప్పి చూసి, బోర్లా పడుకోబెట్టి వెన్ను పొడుగునా బొటనవేలు పోనిచ్చేది. నా బిడ్డనూ అట్లాగే చూసి, ఉగ్గుగిన్నె తెమ్మంది. పిల్లను నిటారుగా పట్టుకుని, పిండిన పాలు చెంప లోపలికి చుక్కచుక్కగా పోసింది. పిల్ల మింగింది.

"వరంగల్ దవాఖానల కుడుతరు. జర బరువు పెరగాలె, బండ్లు నడవాలె. అందాక గిట్ల తాపు."

"నా తప్పే కదా నర్సమ్మా?"

"ఎందుకైతదో నాకు తెల్వదు బిడ్డా. నీ తప్పు కాదని మాత్రం తెలుసు."

నెల దాటాక ఒక పొద్దున ఆమె మా ఊరి బడి వసారాలో చాప పరిచింది. తను తిరిగే ఊళ్లలో ఏదో ఒక లోపంతో పుట్టిన పిల్లల తల్లులను ఇంటింటికీ పోయి పిలిచింది. మా అత్తమ్మనూ రమ్మని పట్టుబట్టింది. ముగ్గురో నలుగురో వస్తారనుకున్నాను. చాప చాలక గోనెసంచులు పరిచారు. పాదాలు లోపలికి తిరిగిన పిల్లాడు, వేళ్లు అతుక్కున్న పిల్ల, మొర్రితోనే ఇంకో ఇద్దరు. పక్కపక్క ఊళ్ల వాళ్లమే అయినా ఒకరి సంగతి ఒకరికి తెలియదు. అందరం దాచుకున్నవాళ్లమే.

"నిన్నేమన్నరు?" అని ఒక్కొక్కరినీ అడిగింది నర్సమ్మ.

"గడప మీద కూసున్ననట."

"జంట అరటిపండు తిన్ననట."

"నేను గ్రహణం నాడు బయటికే రాలే. అయినా మొర్రే," అంది నా పక్కనున్నామె.

ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత అందరం నవ్వాం. కాన్పయ్యాక నేను నవ్వడం అదే మొదటిసారి.

మా అత్తమ్మ నవ్వలేదు. "నా పెద్ద కొడుకు గూడ గిట్లనే పుట్టిండు," అంది మెల్లగా. "పాలు దిగక ఎనిమిదో దినం పోయిండు. ఎవ్వలికీ చెప్పలే."

నర్సమ్మ వెళ్లి ఆమె పక్కన కూర్చుంది. "మరి నువ్వేం కోసినవ్ అవ్వా?"

"ఏం కొయ్యలే బిడ్డా. ఏం కొయ్యలే."

అంటూనే నా ఒళ్లోంచి పిల్లను తీసుకుని గుండెకు హత్తుకుంది.

బండ్లు నడిచాక వరంగల్ పోయినప్పుడు మా అత్తమ్మ కూడా వచ్చింది. పెదవి కుట్టారు. అంగిలి మరుసటేడు. ఆ నోటితోనే నా బిడ్డ ఏళ్ల తరబడి బడిలో పాఠాలు చెప్పింది.

అందరికీ నయం కాలేదు. వెన్ను చీలి పుట్టిన ఒక పిల్ల దక్కలేదు. ఆ తల్లి దగ్గరికి నర్సమ్మ నెల రోజులు వదలకుండా పోయింది. "దాస్తె నయం కాదు, చూపిస్తె అయితది," అని ఉద్యోగం వదిలేదాకా ప్రతి ఇంట్లో అంటూనే ఉంది.

నా బిడ్డ కుట్లు మానాక, మిగతా తల్లులను నర్సమ్మ వరంగల్ తీసుకుపోతున్న రోజున మేం మహబూబాబాద్ స్టేషన్‌కు పోయాం. మా అత్తమ్మ మనవరాలిని ఎత్తుకుని పెట్టె పెట్టెకూ తిరిగింది. "చూడున్రి, గీ సన్న గీత తప్ప ఏమన్న ఉన్నదా?" అని ప్రతి తల్లికీ చూపించింది. బండి కూత వేసింది. నర్సమ్మ తలుపు దగ్గర నిలబడి, "మల్ల వచ్చినంక గీ పిల్లలను గుర్తు పట్టున్రి!" అని అరిచింది. బండి కదిలింది. పొద్దుటి ఎండలో, వరసగా సాగిపోతున్న కిటికీల్లో, కిటికీకొక పసిముఖం.