మంచుకి కంబళి

మా ఎసెన్‌కుల్ బాబాయి కంట్లో కంబళి పడిందంటే ఆ ఇంట్లో దానికి నూకలు చెల్లినట్టే. అది ఆయన కప్పుకోవడానికి కాదు, మంచుకి కప్పడానికి.

చలికాలం పోతూండగా మా ఆలాయ్ కొండల మీద ఓ గండిలో పేరుకున్న మంచుని పారతో ఎగదోసి, గుడారమంత గుట్ట పోసేవాడు. ఊళ్ళో అడిగి తెచ్చిన కంబళ్ళూ, అడక్కుండా తెచ్చినవీ దానిమీద పరిచి, అంచులకి రాళ్ళు పెట్టేవాడు.

మాకు గుడారం గోడ కంబళే, పరుపూ కంబళే. కంబళంటే వెచ్చదనమే మాకు తెలుసు. దాన్ని కప్పితే మంచు ఇంకా తొందరగా కరుగుతుందని ఊరంతా నవ్వేది. మంచుకి జలుబు చేస్తుందా అని నేనూ అడిగాను.

"కంబళికి వేడి పుట్టించడం రాదే పిచ్చిదానా. లోపలున్నదాన్ని కాపలా కాస్తుంది, అంతే. నువ్వు దూరితే నీ వేడి, మంచు దూరితే దాని చలి."

నా పెళ్ళిచూపులకి పెద్దమనిషిగా వచ్చి, మగపెళ్ళివారు కూర్చున్న కంబళి అంచు ఎత్తి చూశాడు. చివికిపోయిందన్నాడు. వాళ్ళు పాపం లేచి నిలబడ్డారు.

"పిల్లనైనా ఇస్తాగానీ కంబళి ఇవ్వను మరిదీ" అంది అమ్మ. సాయంత్రానికి రెండూ ఖాయమైపోయాయి. అమ్మ ఆయనతో మాటలు మానేసింది.

ఏటికేడు ఎండలు ముదిరి, కొండ నెత్తిన మంచు తరిగిపోతోంది. నడివేసవికే వాగులు ఎండుతున్నాయి. భర్త పోయిన బూరుల్ అక్కకి ఆధారం ఆడగుర్రాలే. వాటి పాలు పులియబెట్టి కుమిస్ అమ్ముకునేది. కిందటేడు వాగు మరీ ముందే ఎండితే, గుర్రాల్ని సంతకి తోలడానికి తాళ్ళు విప్పింది. బాబాయి ఎదురెళ్ళి తాళ్ళు లాక్కున్నాడు.

"కాస్త పైకెక్కి చూసి, అప్పుడు అమ్ముకో."

ఆమె మేతకొండకి సరిగ్గా పైనే ఉంది ఆ గండి. కంబళ్ళ కింద మంచు ఇంకా ఉంది. దాన్నుంచి సన్నటి ధార తొట్టిలోకి పడుతోంది. గుర్రాలు తలలు వంచి తాగాయి. బూరుల్ అక్క అక్కడే కూలబడి ఏడ్చింది, నవ్వింది కూడా.

బాబాయి గొర్రెలేమో అవతలి వాలులో ఉంటాయి. వాటికి ఆయన గాడిద మీద ఏటినుంచి నీళ్ళు మోస్తాడు. మంచుగుట్ట నీ మంద దగ్గరే ఎందుకు పోసుకోలేదని నేనడిగితే, ఇక్కడ నీడ బావుందన్నాడు. అవతలే నీడెక్కువని మా గొర్రెలకి కూడా తెలుసు.

ఆ ఏటి చలికాలం చివర అమ్మ కొత్త కంబళి పట్టుకు లాగింది. దానిమీద నాన్న టీ తాగుతున్నాడు.

"లేవండి. మీ తమ్ముడి మంచుకి ఎండ తగుల్తోంది."