ఎండకు పెట్టిన విమానం

మా నాన్న సత్తెనపల్లిలో వాచీలు బాగుచేసేవారు. విడిగా కొట్టు లేదు. మా ఇంటి వీధి గదిలో కిటికీ పక్కన ఒక బల్ల, దాని మీద గాజు మూతలు, వాటి కింద విప్పిన వాచీలు. నన్ను బడికి పంపలేదు. ఆ బల్ల పక్కన పీట వేసి కూర్చోబెట్టి అక్షరాలు, లెక్కలు, కాస్త ఇంగ్లీషు ఆయనే నేర్పారు. అందుకు నేనెప్పుడూ చిన్నబుచ్చుకోలేదు. దేవుడు నాకు రాసిపెట్టిన బడి అదేనని సంతోషించాను. పొద్దున దీపం పెట్టేటప్పుడు ఇప్పటికీ ఆ బల్లకు మనసులో దండం పెట్టుకుంటాను.

అరవైల మొదట్లో, నాకు పద్దెనిమిదేళ్ళప్పుడు, ఆయన ఎడమకంటి శుక్లం ముదిరింది. కుడికంటికి కూడా పొర మొదలైంది గాని, భూతద్దం బిగించుకుంటే ఇంకా పని నడిచేది. వేసవిలో ఎడమకంటికి ఆపరేషన్ చేస్తామన్నారు గుంటూరు ఆస్పత్రిలో. తర్వాత లావుపాటి అద్దాలు ఇస్తారట. వాటితో మనుషులు కనపడతారు, పేపరు చదువుకోవచ్చు. చేతివాచీల పని మాత్రం ఇక కుదరదని డాక్టరుగారు ముందే చెప్పేశారు. తిరుగు రైల్లో నల్లపాడు దాటాక నాన్న నా వైపు తిరిగారు.

"అయితే చివరగా ఒక మంచి పని చేసి కళ్ళు అప్పగిస్తానమ్మాయ్" అన్నారు.

ఆ పని దానంతట అదే వచ్చింది. గుంటూరు పొగాకు కంపెనీలో గుమాస్తా ఒకాయన గోడగడియారం తీసుకుపోవడానికి వచ్చి, చంకలోంచి ఒక అట్టపెట్టె తీసి బల్ల మీద పెట్టాడు. పెట్టె మీద వెండిలా మెరిసే జెట్ విమానం బొమ్మ. లోపల మాత్రం విమానం లేదు, ముక్కలున్నాయి. పొగాకు కొనడానికొచ్చిన దొర దేశం వెళ్తూ ఈయనకు ఇచ్చిపోయాడట.

"మేస్త్రీగారూ, మా ఇంట్లో ఎవరికీ ఇది అంతుపట్టలేదండి. పారేయబుద్ధి కాలేదు. మీరు కట్టగలిగితే మీ దగ్గరే ఉంచుకోండి."

ఎలా కట్టాలో చూపే కాగితం ఒకటి పెట్టెలో ఉంటే, నాన్న దాన్ని విప్పి కిటికీ వెలుగులో చాలాసేపు చూశారు. అన్నీ బొమ్మలూ అంకెలే. ఎన్నేళ్ళుగానో ఇంకొకరు చేసిన వాచీలను విప్పి మళ్ళీ కట్టడమే ఆయన పని. మొదటినుంచీ తన చేత్తో కట్టి, ఇది నేను చేశాను అని చూపించుకోగలిగింది ఒక్కటీ లేదు. ఇది ఆయనకు అలాంటిదైంది. చూపు ఉండగానే కట్టాలి, కట్టింది తన కళ్ళతో చూసుకోవాలి. అంతే ఆయన కోరిక.

ముక్కలన్నీ ప్లాస్టిక్ కాడలకు గుత్తులుగా ఉన్నాయి. నేను మిరపకాయకు తొడిమ తీసినట్టు ఒకటి లాగబోయాను. నాన్న చెయ్యి పట్టుకుని ఆపారు.

"లాగితే అంచు చిరుగుతుంది తల్లీ. బ్లేడుతో కొయ్యి. కోసి, అరగదియ్యి."

కొయ్యడం, అరగదీయడం నా పని. కలపడం ఆయనది. పెట్టెలో వచ్చిన జిగురు అన్నం మెతుకులాంటిది కాదు. అంటించదు, రెండు ముక్కల్నీ కరిగించి ఒకటి చేస్తుంది. చుక్క ఎక్కువైతే ముక్కే పాడవుతుంది. సూదిమొనతో జిగురు అద్ది, ఊపిరి బిగబట్టి కలిపేవారు. విమానం పొట్ట రెండు చెక్కలు. వాటిని మూసేముందు ముక్కులో బరువు పెట్టాలని కాగితంలో ఉంది. లేకపోతే తోక మీద కూలబడుతుందట. పనికిరాని వాచీల చక్రాలన్నీ పోగుచేసి నాన్న అందులో కూరారు.

మా అమ్మ గుమ్మంలో నిలబడి చూసి అంది: "ఊళ్ళో గడియారాలన్నీ ఆగిపోయి కూచున్నాయి. ఈయనేమో ఎగరని విమానం కడుతున్నారు."

"ఆగినవి ఎక్కడికి పోతాయే? ఇక్కడే ఉంటాయిగా" అన్నారు నాన్న తల ఎత్తకుండా.

"మీరే పోతున్నారు ఆస్పత్రికి. అది గుర్తుంచుకోండి."

రెక్కలు కలపడం అన్నిటికన్నా కష్టమైంది. రెండూ ఒక్క ఎత్తున రావాలి. జిగురు పట్టేలోగా మూడుసార్లు విప్పి మూడుసార్లు పెట్టారు. చివరికి బల్ల మీద రెండు అగ్గిపెట్టెలు నిలబెట్టి, రెక్కలు వాటికి ఆనించి రాత్రంతా వదిలేశారు. పొద్దున్నే వేలితో తడిమి, ముఖం కడుక్కోకుండానే నన్ను కేకేశారు. ఎదురుగా కూర్చుని చూశాను. నేల మీద గీత గీసినట్టున్నాయి రెక్కలు.

గురువారం రైలుకు వెళ్ళాలి. మంగళవారం ట్రంకు పెట్టెలకు వేసే వెండిరంగు తెచ్చి పూశారు. "నీడలోనే ఆరనియ్యి" అని నాకు రెండుసార్లు చెప్పారు. బుధవారం పొద్దునకు కూడా రంగు వేలికి అంటుకుంటూనే ఉంది. నాన్న క్షవరానికి వెళ్ళారు. ఆరకపోతే ఆయన చేతిలోకి తీసుకుని చూసుకోకుండానే వెళ్ళిపోతారే అని నా బెంగ.

మా వైపు ఎండకు పెట్టని వస్తువు లేదు. మిరపకాయలు, పత్తి, వడియాలు, పరుపులు, తలంటుకున్న జుట్టు, తడిసిన పుస్తకాలు. ఏది తడిగా ఉన్నా ఎండే దిక్కు. ఊరవతల కళ్ళాలన్నీ ఎర్రగా పరిచి ఉన్న రోజులవి. పశువులపాక రేకు మీద మేం వడియాలు పెట్టుకునేవాళ్ళం. విమానాన్ని తీసుకెళ్ళి ఆ రేకు మీద పెట్టాను. గంటలో తీద్దామనుకుని పూజకు కూర్చున్నాను. జపం మధ్యలో లేవకూడదన్నది నా పట్టుదల.

తీరా వెళ్ళి చూస్తే రంగు చక్కగా ఆరింది. రెక్కలు రెండూ తడిసిన కాకి రెక్కల్లా కిందికి వాలిపోయి ఉన్నాయి. చల్లారాక అలాగే బిగుసుకుపోయాయి.

నాన్న తల మీద తువ్వాలు వేసుకుని వచ్చారు. "ఆరిందా తల్లీ?"

"ఇంకా అంటుకుంటోంది నాన్నా. ముట్టుకోకండి."

"ముట్టుకోనులే. చూపించు."

లోపలి గుమ్మంలో నిలబడి, రెండు అరచేతులు రెక్కల కింద పెట్టి పైకి నొక్కి పట్టుకుని చూపించాను. ఆయన భూతద్దం లేకుండా, కళ్ళు చిట్లించుకుని చూశారు. వెండి మెరుపు కనిపించి ఉంటుంది.

"తిన్నగా ఉన్నాయి కదూ?"

"తిన్నగానే ఉన్నాయి నాన్నా."

నాకు అబద్ధం చెప్పకూడదని నేర్పిన మనిషికి నేను చెప్పిన మొదటి అబద్ధాలు అవి. ఆస్పత్రికి వెళ్ళేముందు ఆయన మనసు కష్టపెట్టడం ఎందుకని నాకు నేను చెప్పుకున్నాను. నిజం ఏమిటంటే భయపడ్డాను.

ఆపరేషన్ బాగా జరిగింది. ఆ డాక్టరుగారి చేతులకు ఈనాటికీ రుణపడి ఉన్నాను. తలకు రెండువైపులా ఇసకసంచులు పెట్టి కదలకుండా పడుకోబెట్టారు. పక్కన కూర్చుని సింగరాయకొండ నరసింహస్వామికి మొక్కుకున్నాను, నాన్నకు చూపు రావాలని. మొక్కుకుంటుంటేనే లోపల ఇంకోటి కదిలింది. చూపు వస్తే రెక్కలు కనపడతాయి. అంత అమంగళమైన ఆలోచన నాకు వచ్చినందుకు స్వామిని ఎన్నిసార్లు క్షమాపణ అడిగానో.

కళ్ళజోడు వచ్చేసరికి వానలు మొదలయ్యాయి. పెట్టుకున్న రోజే నాన్న విమానం చూపించమని అడిగారు. బల్ల మీద పెట్టి పక్కకు జరిగాను. ఆయన వంగి చూసి, ఎడమరెక్క వెంట వేలు పోనిచ్చారు, తర్వాత కుడిరెక్క వెంట.

"ఎప్పుడైంది?"

"బుధవారం నాడు. రేకు మీద ఎండకు పెట్టాను."

"నేను చూసినప్పుడు?"

"చేతులతో పట్టుకున్నాను నాన్నా."

ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. "వేణ్ణీళ్ళలో కాసేపు ఉంచి, మెత్తబడ్డాక పట్టుకుంటే దారికొచ్చేదే. ఆ రోజే చెప్పుంటే ఒక పూట పని" అన్నారు.

వేణ్ణీళ్ళు తెమ్మన్నారు. గిన్నెలో ముంచి తీసి, రెక్క పట్టుకోబోయారు. ఆ అద్దాలలోంచి ప్రతిదీ పెద్దగా, దగ్గరగా కనపడుతుందట. చెయ్యి రెక్కకు ఇవతలే గాలిలో మూసుకుంది. మళ్ళీ చాచారు. ఈసారి వేళ్ళు తోకకు తగిలాయి. మూడోసారి చెయ్యి చాచలేదు.

"నువ్వు పట్టు" అన్నారు.

ఆయన చెప్పినట్టు నొక్కాను. "ఇంకొంచెం పైకి... చాలు. ఊపిరి వదలకు." అది చల్లారేదాకా ఇద్దరం అలాగే కూర్చున్నాం. రెక్కలు లేచాయి. పూర్తిగా కాదు, కాని తెలియనివాళ్ళకు తెలియదు. నా బొటనవేళ్ళ కింద రంగు ముడతలు పడింది.

నాన్న ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికారు. గోడగడియారాలు నా చేత విప్పించి, ఎక్కడ ఏముందో చెప్పి బాగుచేయించేవారు. ఆ ఏళ్ళన్నీ ఆయన పక్కన కూర్చోగలిగాను, అది నా భాగ్యం. గడియారాలు తెచ్చిన రైతులు విమానాన్ని చూసి ముచ్చటపడేవారు.

"ఇదెవరు కట్టారండీ మేస్త్రీగారూ?"

"మా అమ్మాయి" అనేవారు నాన్న. దెప్పిపొడవడానికి అన్న మాట కాదది. నిజంగానే మెచ్చుకోలుగా అనేవారు. అందుకే, ఒక్కసారైనా "కాదు, మీరే కట్టారు" అనడానికి నాకు నోరు వచ్చేది కాదు.