మాసిన బట్టల కోసం

మా ఇంటి ఓనరు దేవకుమారి గారికి మాసిన బట్టలు కావాలి. వినడానికి పిచ్చిగా ఉంటుంది గాని, నిజం.

బీటెక్ మధ్యలో వదిలేసి గుంటూరు మిర్చి యార్డులో లోడింగు పనికి చేరాను. పెదకాకానిలో ఆవిడ ఇంటి వెనక గది అద్దెకు తీసుకున్నాను. ఆవిడ భర్త ప్రేమదాసు గారు అదే యార్డులో బస్తాలు మోసి మోసి పోయారు. కూతురు షారోన్ కాపురం ఒంగోల్లో. పోయిన క్రిస్మస్‌కి వచ్చి వాషింగ్ మిషను కొనిపెట్టి వెళ్ళింది. దాని మీద ఆవిడ బైబిలు, మందుల డబ్బా పెట్టుకుంది.

మిర్చి బట్టల సంగతి యార్డువాళ్ళకే తెలుసు. వేరే బట్టల్లో కలిపితే ఇంటిల్లిపాదికీ ఒళ్ళు మంట. వేడినీళ్ళు పోస్తే ఆ ఆవిరికి దగ్గు. ఆవిడ కాపురానికొచ్చిన నాటినుంచీ మొగుడి బట్టలు విడిగా చన్నీళ్ళలో జాడించి, సబ్బు కడ్డీతో రుద్ది, బండ మీద బాదింది. మూరెడు కడ్డీ కొని, దారంతో ముక్కలు కోసి, అటక మీద గట్టిపడేదాకా ఉంచేదట. పచ్చి సబ్బయితే ఊరికే కరిగిపోతుంది. అరిగిన సబ్బు చెక్కని కూడా పారెయ్యదు, కొత్త ముక్కకి అతికిస్తుంది. చర్చికి కట్టే తెల్లచీరకి మాత్రం గుడ్డలో మూటగట్టిన నీలిమందు.

ఇప్పుడు ఉతకడానికి ఆవిడ చీరలే. బండ ఎప్పుడు చూసినా పొడిగానే ఉండేది.

"ఏరా చైతన్యా, నీ చొక్కాలివ్వు, ఉతికిపెడతా."

"వద్దాంటీ, సబ్బు పొడిలో నానబెట్టేశా."

"పొడా! నురుగు చూసి మురవడమే. ఘాటు పోద్దా దాంతో?"

"పోకపోతే పోనీండి."

పెద్దావిడ చేత బట్టలుతికించుకోవడమేంటని నా చిరాకు. ఒకరోజు మధ్యాహ్నం గదికొస్తే, పొద్దున ఆరేసిన నా చొక్కాలు తీగ మీద లేవు. బండ దగ్గర కూర్చుని వాటినే మళ్ళీ రుద్దుతోంది.

"ఉతికినవే కదండీ! మీకేం పని లేదా?"

"లేదురా," అంది తలెత్తకుండా. "ఏ పనీ లేదు."

గదిలోకెళ్ళి మంచం కింది ప్యాంట్లు, తువ్వాలు, దుప్పటి తెచ్చి ఆవిడ ముందు పడేశా.

"ఛీ! దీని మీద గేదెని పడుకోబెట్టావేంట్రా?" అని అరిచి, పక్కింటి బసవమ్మని పిలిచి మరీ వాసన చూపించింది. అంత గట్టిగా ఆవిడ మాట్లాడటం అదే మొదటిసారి విన్నా.

వేసవంతా అలాగే గడిచింది. కానీ నేను ఒకచోట నిలిచే రకం కాదు. చీమకుర్తిలో గ్రానైటు లారీల దగ్గర పని దొరికింది. చెప్పినప్పుడు ఆవిడ సబ్బు కోస్తోంది.

"ఎప్పుడు?"

"సోమవారం."

"సరే." దారం లాగింది. ముక్క తెగాక అంది: "గదికి ఎవర్నైనా చూసిపెట్టు. అద్దె తగ్గిస్తా. ఆఫీసులకెళ్ళేవాళ్ళొద్దు. యార్డువాడైతే చాలు."

యార్డులో అందర్నీ అడిగా. "ముసలామె చేత ఉతికించుకోడానికి నాకు సిగ్గు లేదనుకున్నావా?" అన్నాడు ఉస్మాన్. మిగతావాళ్ళకి వాళ్ళుండే హాస్టల్లోనే వాషింగ్ మిషనుంది.

సోమవారం బ్యాగు తగిలించుకుని బయటికొచ్చా. ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది.

"ఆ చొక్కా మాసింది. విప్పు. ఆరాక వెళ్దువుగాని."

బస్సు పోతుందని ఇద్దరికీ తెలుసు. విప్పి ఇచ్చాను. తాపీగా ఉతికింది. పెరట్లో ఎండ మండిపోతోంది. ఆవిడ మాత్రం ఆ చొక్కా తెచ్చి వసారా నీడలో ఆరేసింది.