చలిపెట్టెలో బావ మంద

మా అమ్మాయి ల్యాబులో ఫ్రీజరుకు మినహాయింపు వచ్చేసిందండీ! పాత గ్యాసుతోనే నడుపుకోవచ్చని పెద్దాఫీసు కాగితం పంపింది. ఉదయగిరిలో మా వీధి ఎస్‌టీడీ బూత్‌కు ఫోన్ చేసి అమ్మాయి ఈ మాట చెప్పగానే, "స్తోత్రం ప్రభువా!" అని గట్టిగా అరిచేశాను. బయట నిలబడ్డవాళ్లు నవ్వారు. నవ్వుకోనీ అనుకుంటూ, బావకు చెప్పాలని బస్టాండు వైపు గబగబా నడిచాను. సగం దూరం పోయాక గుర్తొచ్చింది, మా బావ లేడని. పోయిన నెలలోనే ఆయన సమాధిలో నా చేత్తో నేనే మట్టి వేశాను. అక్కడే ఒక అరుగు మీద కూలబడ్డాను.

బావ అంటే నా భార్య అన్న. దుత్తలూరు పక్క పల్లె. ఆమె పోయిన తర్వాత నాతో ఎగతాళిగా మాట్లాడే మనిషి ఆయనొక్కడే మిగిలాడు. బతుకంతా గొర్రెలే. మెట్టలో ఎవరి మందకు వాళ్ల చెవికోత ఉంటుంది కదా, బావది ఎడమ చెవి కొసన చిన్న గంటు. ఎన్ని మందలు కలిసిపోయినా ఆ గంటు చూసి తన జీవాలను పేరుపేరునా పిలుచుకునేవాడు.

ఒక వానాకాలంలో పేరు తెలియని రోగం వచ్చి ఆ మందంతా పోయింది. మా అమ్మాయిది ఆత్మకూరులో పశురోగాల ల్యాబులో ఉద్యోగం. తను వచ్చి, చచ్చిన జీవాల రక్తం, కండ ముక్కలు చిన్న గాజు గొట్టాల్లోకి తీసుకుంది.

"ఈ రోగమేందో ఇప్పుడు తేలేట్టు లేదు మామా. తేల్చే పరీక్ష వచ్చేదాకా చెడకుండా పెట్టాల. రేపు ఇంకొకరి మందకు రాకుండా చూసుకోవచ్చు," అంది.

బావ ఆ గొట్టాల మీద చీటీలు చూశాడు. "అన్నీ నెంబర్లేంది మే? నా జీవాలు నాకు తెలియొద్దా?" అని కత్తెర అడిగి తీసుకుని, ఒక్కొక్క చీటీకి ఎడమ పక్క గంటు పెట్టాడు. అమ్మాయి నవ్వింది కానీ వద్దనలేదు.

అవి పోయి ల్యాబులో అన్నిటికన్నా చల్లటి ఫ్రీజరులో కూర్చున్నాయి. మామూలు ఐసుపెట్టె చలి దాని ముందు ఏపాటి!

అప్పటి నుంచి ఆత్మకూరు సంతకు పోయే రోజుల్లో నేను ఉదయగిరిలో బస్సెక్కి పక్క సీట్లో తువ్వాలు వేసేవాణ్ణి. దుత్తలూరులో బావ ఎక్కి, "నీ తువ్వాలు కంపు భరించలేకనే ఎవురూ కూర్చోలేదు బావా," అంటూ దాన్ని నా ఒళ్లోకి విసిరేవాడు. సంత అయ్యాక ల్యాబుకు పోయేవాళ్లం. చెప్పులు బయట విడిచి, తలపాగా తీసి చంకలో పెట్టుకుని అడిగేవాడు.

"నా మంద ఎట్టుండాది కోడలా?"

"బాగుండాది మామా. చలికి ముడుచుకోనుండాయి."

"మేపే పని లేదు. నక్క భయం లేదు. మారాజుల్లా ఉండాయి," అని పకపకా నవ్వేవాడు. తిరుగు బస్సులో మాత్రం కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చునేవాడు. ఇంటి దగ్గర ఖాళీ దొడ్డికి రోజూ తడిక వేసేవాడని మా అక్క, అంటే ఆయన భార్య, నాతో చెప్పింది.

ఇంతలో పైనుంచి ఉత్తరువు వచ్చింది. ఆ ఫ్రీజర్లలో గ్యాసు బయటికొస్తే ఆకాశానికి చేటంట, భూమి మీద వేడి పెరుగుతుందంట, ఇక నింపకూడదు, ఆపేయాలి అని. కొత్త గ్యాసుతో ఆ యంత్రం అంత చల్లగా పోదు. అది ఆగిందంటే బావ గొట్టాలన్నీ కరిగి కుళ్లిపోతాయి. రోగం పేరు ఎప్పటికీ తెలియదు. మినహాయింపు అడుగుతానంది అమ్మాయి.

నేను ఎగిరి గంతేశాను. బావ మాత్రం టీ గ్లాసు పక్కన పెట్టాడు.

"వాళ్లు చెప్పేదీ నిజమే గదా. ఎండ ముదిరితే గడ్డి యాడ మొలుస్తాది? నా చచ్చిన జీవాల కోసరం ఒకడి బతికుండే మంద మాడగూడదు. అడుగు కోడలా. కానీ పిసరంత గాలి కూడా బయటికి పోనీయం అని రాసి అడుగు."

అమ్మాయి అలాగే రాసింది. జవాబు నెలల తరబడి రాలేదు. బావ మంచం పట్టాడు. నేను చూడ్డానికి పోతే మొదటి మాట, "కాగితమొచ్చిందా?" అని.

"రాలేదు బావా. వస్తే మొదట నీకే చెప్తా."

"నువ్వా? నీ సంగతి నాకు తెలియదా! ఊరంతా దండోరా వేసి, నా దగ్గిరికి ఆఖర్న వస్తావు," అన్నాడు. నవ్వబోతే దగ్గు తెర అడ్డమొచ్చింది.

కాగితంలో బావ మాట కూడా ఉందండీ. కొత్త గ్యాసుతో అంత చల్లబడే యంత్రం దొరికేవరకే ఈ మినహాయింపు, గ్యాసు కారకుండా చూడాలి, యంత్రం తీసేసేనాడు ఆ గ్యాసును సిలిండరులోకి పట్టుకోవాలి అని ఉంది. నా సంతోషానికి పట్టపగ్గాలు లేవు. పంచుకుందామంటే పక్క సీటు ఖాళీ.

నిన్న ఆత్మకూరు పోయాను. అలవాటుగా తువ్వాలు వేశాను. దుత్తలూరులో ఎవరో, "పెద్దాయనా, మనిషొస్తాడా?" అని అడిగితే తీసి ఒళ్లో పెట్టుకున్నాను. ల్యాబులో చెప్పులు విడిచి, "మీ మామ మంద ఎట్టుండాదమ్మా?" అన్నాను. అమ్మాయి చేతికి గ్లౌజు వేసుకుని మూత తీసింది. తెల్లటి ఆవిరి పొర్లింది. ఒక చీటీ మీద మంచు వేలితో తుడిచింది. ఎడమ పక్క గంటు కనిపించింది.

ఇంకా చెప్పాల్సినవాళ్లు చాలామందే ఉన్నారు. సోమశిలలో మా చెల్లెలు, వాళ్లాయన. ఆత్మకూరు డిపోలో పనిచేసే మా తమ్ముడి కొడుకు. నెల్లూరులో మా పెద్ద వదిన, ఆమెకు చెవుడు, దగ్గర కూర్చుని చెప్పాలి. పల్లెలో మా అక్క, ఆ తడిక ఇంకా వేస్తూనే ఉంది. వీళ్లందరికీ చెప్పాక, సమాధి తోటలో బావకు. ఆయన అన్నట్టే, ఆఖరున.